స్క్రీన్ రికార్డ్ చేస్తే కాపీరైట్ పట్టుకోదా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. రాబోయే 2027 గోదావరి పుష్కరాల మీద ఈ తమ్ముడు ఓ యూట్యూబ్ వీడియో చేస్తున్నారు. 2015 పుష్కరాల క్లిప్పులు, వరదల వీడియోలు, కోనసీమ డ్రోన్ షాట్లు, ధవళేశ్వరం పాత ఆనకట్ట బొమ్మలు నెట్‌లో బోలెడు దొరికాయట. "డౌన్‌లోడ్ చేస్తే కాపీరైట్ పడుతుంది గానీ, కంప్యూటర్లో ప్లే చేసి స్క్రీన్ రికార్డ్ చేసుకుంటే అది మనం తీసిన వీడియోనే కదా, ఏమీ కాదంటున్నారు. నిజమేనా? అయితే ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని అడిగారు.

నిజం కాదండి. స్క్రీన్ రికార్డ్ చేసినా, స్క్రీన్‌షాట్ తీసినా, ఫోన్‌తో మానిటర్‌ని షూట్ చేసినా, ఆ బొమ్మ మీద హక్కు దాన్ని మొదట తీసినవాళ్ళదే. మన కొబ్బరితోటల్లో దింపుడు మనిషిని పెట్టి కాయ కోయించినా, కింద రాలింది ఏరుకున్నా, కాయ తోటవాళ్ళదే కదా. ఇదీ అంతే. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత చెప్తాను. అసలు మీ వీడియోకి స్క్రీన్ క్యాప్చర్ అవసరం మీరనుకున్నంత లేదు, అది కూడా చెప్తాను.

నేను ప్లీడర్ని కాను. పాలకొల్లులో ఫొటో స్టూడియో, వీడియో మిక్సింగ్. వీసీఆర్ పెట్టుకుని పెళ్ళి క్యాసెట్లు కలిపిన రోజుల నుంచి ఇదే పని. ఈ కాపీరైట్ గొడవలో ఒకసారి తప్పు చేసి డబ్బు కట్టాను, ఇంకోసారి నా సరుకు పోగొట్టుకుని తిరిగి రాబట్టుకున్నాను. ఆ రెండు అనుభవాలతోనూ చట్టం ఎంతవరకు చదవాలో అంతవరకు చదివాను.

చట్టంలో మీ ప్రశ్నకు సూటిగా తగిలే మాట ఒకటుంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అందులో 14వ సెక్షన్ హక్కుదారుడికి ఏమేం చేసే హక్కుందో చెబుతుంది. సినిమా విషయంలో (చట్టం దృష్టిలో మీ యూట్యూబ్ వీడియో కూడా సినిమా కిందే లెక్క) కాపీ తీయడం అంటే అందులోని ఏ ఒక్క దృశ్యాన్నైనా ఫొటోగా తీయడం కూడా కలిపే అని రాసుంది. అంటే వీడియోని పాజ్ చేసి ఒక్క ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి థంబ్‌నెయిల్‌కి పెట్టినా అది కాపీయే. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఏ రూపంలో దాచుకున్నా సరే అని కూడా ఉంది. డౌన్‌లోడ్ బటన్ నొక్కారా, రికార్డు బటన్ నొక్కారా అన్న తేడా ఎక్కడా లేదు.

మరి మన ఊళ్ళల్లో చాలామంది స్క్రీన్ రికార్డ్ చేసి పెడుతున్నారు, వాళ్ళకేం కాలేదే అంటారు. నిజమే. అసలువాడు చూడలేదు, లేదా చూసీ పోనీలే అనుకున్నాడు. వాడికి ఓపిక నశించిన రోజున పాత వీడియోలన్నీ ఒకేసారి బయటికి వస్తాయి.

నా తప్పు సంగతి ముందు చెప్తాను. చాలా ఏళ్ళ కిందట సంక్రాంతికి ఓ పార్టీ నాయకుడి అనుచరులు శుభాకాంక్షల ఫ్లెక్సీ అడిగారు. వెనక కోనసీమ కనిపించాలన్నారు. కాలవ, రెండు పక్కలా కొబ్బరిచెట్లు, మధ్యలో పడవ. టైము లేదు. గూగుల్లో వెతికితే అచ్చం అలాంటి ఫొటోనే కనబడింది. సేవ్ అవ్వలేదు, రైట్ క్లిక్ పనిచెయ్యలేదు. ప్రింట్ స్క్రీన్ కొట్టి, మూలనున్న పేరు క్రాప్ చేసి, పది అడుగుల ఫ్లెక్సీకి పెంచేశాను. కంప్యూటర్ మీద బావుంది. సెంటర్లో కట్టాక ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి చూస్తే పడవ పక్కన మలయాళం అక్షరాలు! మానిటర్ మీద అవి ఏదో రంగు మరకలా ఉన్నాయి, పది అడుగులకి పెరిగేసరికి అక్షరాలైపోయాయి. టీ కొట్టాయన అడిగాడు, "ఏమండీ, ఇది మన గోదారేనా?" అని. ఆయ్, నవ్వులాటే అయింది ఊరంతా.

అది అక్కడితో పోలేదు. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి కుర్రాళ్ళు ఫొటోలు దిగి ఫేస్‌బుక్‌లో పెట్టారు. ఎవరి చేతులు మారి వెళ్ళిందో గానీ, రెండు నెలలకి కేరళ నుంచి ఆ ఫొటోగ్రాఫర్ ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఎక్కడెక్కడ వాడారు, ఎన్ని ప్రింట్లు వేశారు అని అడిగి ఓ రేటు చెప్పాడు. కట్టేశాను. నాకు ఆ ఫ్లెక్సీ మీద మిగిలిందానికి మూడు రెట్లు. కుడివైపు మూల పేరు క్రాప్ చేశానని చెప్పాను కదా, అది ఇంకో తప్పని తర్వాత తెలిసింది. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు 65బి అని ఒక సెక్షన్ పెట్టారు. హక్కుదారుడి వివరాలు తెలిసి తెలిసి తీసేస్తే దానికి విడిగా రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. వాటర్‌మార్క్ చెరపడం చిన్న విషయం అనుకునే తమ్ముళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక క్వాలిటీ. కాపీరైట్ మాట పక్కన పెట్టినా స్క్రీన్ క్యాప్చర్ పనివాడి పద్ధతి కాదు, ఎందుకో లెక్క చూడండి. పాత మామూలు లాప్‌టాప్ తెర 1366 x 768 పిక్సెళ్ళు. ఆల్బమ్ ప్రింటుకు మేము అంగుళానికి 300 పిక్సెళ్ళు చూస్తాం. ఆ లెక్కన తెర నిండా తీసిన స్క్రీన్‌షాట్ నాలుగున్నర అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల ఎత్తు ప్రింటుకే సరిపోతుంది, పోస్టుకార్డు కంటే చిన్నది. ఫుల్ హెచ్‌డీ మానిటర్ 1920 x 1080 అయినా ఆరున్నర అంగుళాలు దాటదు. 12 x 36 ఆల్బమ్ షీటుకైతే 10,800 x 3,600 కావాలి. ఫ్లెక్సీకి అంగుళానికి 72 చాలు అనుకున్నా, పది అడుగుల వెడల్పుకి 8,640 పిక్సెళ్ళు. నేను ఆ రోజు 1366 పెట్టి లాగాను. మలయాళం అక్షరాలు కనిపించడమే గొప్ప.

వీడియో అయితే ఇంకో తంటా. 2015 నాటి మన పుష్కరాల క్యామెరా వీడియోలు చాలావరకు సెకనుకు 25 ఫ్రేములవి. స్క్రీన్ రికార్డర్లు మామూలుగా 30కో 60కో పెట్టుంటాయి. 25 ఫ్రేముల్ని 30లో పట్టాలంటే సెకనుకు ఐదు ఫ్రేములు రెండోసారి పడతాయి. నిలబడ్డ మనిషి మీద తెలీదు. ఘాట్ మీంచి క్యామెరా పక్కకి జరిగేటప్పుడు, పడవ అడ్డంగా వెళ్ళేటప్పుడు చూడండి, గతుకుల రోడ్డు మీద ఆటోలాగ కుదుపులు. పైగా యూట్యూబ్ ఒకసారి కుదించిన వీడియోని మీరు మళ్ళీ కుదించి రికార్డు చేసి, ఎడిటింగ్‌లో మళ్ళీ కుదించి, అప్‌లోడ్ చేశాక యూట్యూబ్ మళ్ళీ కుదిస్తుంది. నీళ్ళ మీద మెరుపులుండే మన గోదారి షాట్లు ముందుగా చచ్చిపోతాయి. చిన్న చిన్న అలలన్నీ చదరాలు చదరాలుగా అయిపోతాయి.

చాలామంది నమ్మే కొన్ని మాటలున్నాయి, వాటిని కూడా తేల్చేద్దాం.

పది సెకన్లలోపు వాడితే ఏమీ కాదన్నది మొదటిది. మన చట్టంలో సెకన్ల లెక్క ఎక్కడా లేదు. క్రికెట్ మ్యాచ్‌లో సిక్సర్ కొట్టే క్లిప్పు ఎంతుంటుంది? ఆ కాస్తే దాని విలువంతా.

"క్రెడిట్స్ టు రెస్పెక్టివ్ ఓనర్స్" అని డిస్క్రిప్షన్లో రాశాం కదా అంటారు. ఆ ఓనరు ఎవరో కూడా మీకు తెలీదని మీరే రాసిచ్చినట్టు. పేరు వెయ్యడం మర్యాద, అనుమతి వేరు.

మూడోది చూస్తే నాకు నవ్వొస్తుంది. మన తెలుగు ఛానళ్ళ కింద ఇంగ్లీషులో పెద్ద పేరా ఉంటుంది, 1976 కాపీరైట్ చట్టం సెక్షన్ 107 ప్రకారం ఇది ఫెయిర్ యూజ్ అని. అది అమెరికా చట్టం అండి. ఒకళ్ళ దగ్గర్నుంచి ఒకళ్ళు కాపీ చేసుకుని రావులపాలెం దాకా వచ్చేసింది. అమెరికాలోనైనా ఆ పేరా అంటించినంత మాత్రాన వాడకం న్యాయం అయిపోదు, ఎలా వాడారో చూస్తారు. మన చట్టంలో దీనికి దగ్గరగా ఉన్నది 52వ సెక్షన్. సొంత వాడకం, పరిశోధన, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన సంఘటనల వార్త, వీటికి న్యాయంగా వాడుకోవచ్చు. ఎవరో వరద మీద తప్పుడు లెక్కలు చెప్పారనుకోండి, ఆ ముక్క చూపించి "ఇదిగో ఇక్కడ తప్పు" అని మీరు మాట్లాడితే అది విమర్శ. అదే ముక్కని మీ వాయిస్ వెనక అందం కోసం నడిపితే అది విమర్శ కాదు. మీ వీడియో రెండో రకం.

బొమ్మని అద్దంలోలా తిప్పేసి, చుట్టూ ఫ్రేమ్ పెట్టి, స్పీడు కాస్త పెంచితే యూట్యూబ్ సిస్టమ్ పట్టుకోదన్నది ఇంకోటి. ఒక్కోసారి పట్టుకోదు, ఒప్పుకుంటాను. కానీ అలా తిప్పారంటే మీకు తప్పని తెలుసని అర్థం. 63వ సెక్షన్‌లో "తెలిసి" అన్న మాట ముఖ్యం. శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ళు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు. ఈ నేరానికి వారంటు లేకుండానే పోలీసులు కేసు పట్టవచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. యూట్యూబ్ క్లిప్పు కోసం ఎవరో జైలుకెళ్తారని భయపెట్టడం లేదు, వ్యవహారం మామూలుగా అంతదాకా పోదు. అద్దం తిప్పిన వీడియో మీకు వ్యతిరేకంగా మీరే తయారుచేసిన సాక్ష్యం అని మాత్రం చెప్తున్నాను.

గవర్నమెంటు ఫొటో అందరిదీ అన్నది కూడా సరికాదు. మన దేశంలో ప్రభుత్వ రచనలకీ కాపీరైట్ ఉంది, ప్రచురించినప్పటి నుంచి 60 ఏళ్ళు.

యూట్యూబ్‌లో మీకు తగిలేవి రెండు రకాలు, కలిపి చూడకండి. క్లెయిమ్ అంటే ఆ వీడియో మీద వచ్చే డబ్బు వాళ్ళకి పోతుంది, లేదా కొన్ని దేశాల్లో కనబడదు. ఛానల్‌కి ప్రమాదం లేదు. స్ట్రైక్ అంటే హక్కుదారుడు చట్టప్రకారం తీసెయ్యమని అడిగాడు, తీసేశారు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్ మొత్తం పోతుంది. స్క్రీన్ రికార్డు చేసిన క్లిప్పులు అయిదారు ఛానళ్ళవి మీ వీడియోల్లో అక్కడక్కడ కలిపితే, వేర్వేరు మనుషులు వేర్వేరుగా అడగొచ్చని గమనించండి.

ఇప్పుడు నా సరుకు పోయిన సంగతి. చించినాడ వంతెన దగ్గర ఓ శీతాకాలం పొద్దున్నే మంచు విడుతుండగా డ్రోన్ ఎగరేసి ఓ షాట్ తీశాను. వశిష్ఠ మీద వంతెన, అటు దిండి వైపు కొబ్బరిచెట్లు మంచులోంచి తలలు మాత్రమే బయటపెట్టినట్టు. మా ఛానల్‌లో పెట్టాను. ఏడాది తర్వాత మా బావమరిది ఓ రియల్ ఎస్టేట్ వెంచర్ ప్రకటన పంపించాడు, "బావా, ఇది నీదే కదా" అని. నాదే. మూలన నా లోగో పోయేలా కాస్త జూమ్ చేశారు. స్క్రీన్ రికార్డింగ్ అని ఎలా తెలిసిందంటే, ఏడో సెకను దగ్గర మౌస్ బాణం ఒకటి తెర మధ్యలోంచి కుడికి పారిపోయింది! రికార్డు చేసినాయన బాణం దాచడం మర్చిపోయాడు.

అప్పుడు చేసిన పని చెప్తాను, మీకూ పనికొస్తుంది. ముందు వాళ్ళకి ఫోన్ చెయ్యలేదు. ఫోన్ చేస్తే తీసేస్తారు, తర్వాత "ఎక్కడ పెట్టాం?" అంటారు. ఇక్కడ మాత్రం స్క్రీన్ క్యాప్చర్ మహా ఉపయోగం. లింకు, తేదీ, టైము, ఛానల్ పేరు అన్నీ ఒకే తెరలో పడేలా పూర్తి తెర స్క్రీన్‌షాట్లు తీశాను. ప్రకటన మొదటి నుంచి చివరిదాకా రికార్డు చేశాను, అడ్రస్ బార్ కనబడేలా. మెమరీ కార్డులో ఉన్న అసలు ఫైలు, అటూ ఇటూ ఉన్న క్లిప్పులతో సహా, విడిగా దాచాను. దొంగిలించినవాడి దగ్గర ఏడెనిమిది సెకన్లుంటాయి, మన దగ్గర డ్రోన్ లేవడం నుంచి దిగడం దాకా ఉంటుంది. ఆ తేడానే రుజువు. తర్వాత ఆ ప్రకటన పెట్టిన సైట్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపాను. మూడో రోజు వీడియో పోయింది. ఆ తర్వాత వాళ్ళే ఫోన్ చేశారు. ఇలాంటి రికార్డు కోర్టుదాకా వెళ్ళాల్సొస్తే, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఒక సర్టిఫికెట్ కూడా జతచెయ్యాలి. ఏ కంప్యూటర్లో, ఎలా తీశారో అందులో రాస్తారు. అది ప్లీడరు చూసుకుంటారు, మీరు ఫైళ్ళు చెరపకుండా ఉంటే చాలు.

స్క్రీన్ రికార్డింగ్ న్యాయంగా అవసరమయ్యే పనులు ఇంకా ఉన్నాయి. ఎడిటింగ్ నేర్పే పాఠం, ఆన్‌లైన్ దరఖాస్తు ఎలా నింపాలో చూపించడం, మీ సొంత లైవ్ కాపీ, ఎక్కడో ఎర్రర్ వస్తే అవతలివాళ్ళకి చూపించడం. మీరు సాఫ్ట్‌వేర్ అడిగారు కాబట్టి వాటికోసం చెప్తాను.

స్క్రీన్‌షాట్‌కి ఏదీ కొనక్కర్లేదు. విండోస్‌లో విండోస్ కీ, షిఫ్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కితే కావలసిన ముక్క గీసి తీసుకోవచ్చు. విండోస్ కీతో ప్రింట్ స్క్రీన్ నొక్కితే మొత్తం తెర నేరుగా పిక్చర్స్‌లో స్క్రీన్‌షాట్స్ ఫోల్డర్లోకి పోతుంది. మ్యాక్ అయితే కమాండ్, షిఫ్ట్, 5 నొక్కితే ఫొటో, వీడియో రెండూ అక్కడే. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్లో కూడా వీడియో రికార్డు వచ్చేసింది. ఇంకా గట్టి పని కావాలంటే ఓబీఎస్ స్టూడియో. ఉచితం, వాటర్‌మార్క్ లేదు, టైము పరిమితి లేదు. ఇంటర్నెట్‌లో దొరికే "ఫ్రీ స్క్రీన్ రికార్డర్" పేర్లున్నవి చాలావరకు ఏదో ఒకటి అంటగట్టి పంపిస్తాయి, వాటి జోలికి పోకండి.

ఓబీఎస్‌లో రెండు జాగ్రత్తలు. రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టుకోండి. మామూలు ఎంపీ4లో రికార్డు చేస్తుండగా మధ్యలో కరెంటు పోతే మొత్తం ఫైలు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది. ఎంకేవీలో అప్పటిదాకా పడింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే ఫైల్ మెనూలో రీమక్స్ కొడితే ఎంపీ4 అవుతుంది, క్వాలిటీ పోదు. మన వేసవి కరెంటు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రెండోది, నోటిఫికేషన్లు ఆపెయ్యండి. మా దగ్గర కుర్రాడు ఒక కాలేజీకి పాఠం రికార్డు చేస్తుంటే నలభయ్యో నిమిషంలో "రొయ్యలు కేజీ ఎంత పోయింది?" అని వాళ్ళ నాన్న మెసేజ్ తెర మీద పడింది. మళ్ళీ మొదటి నుంచి.

రికార్డు చేస్తే తెర నల్లగా వస్తోందని ఇంకొందరు అడుగుతుంటారు. దీనికి మామూలుగా కారణాలు రెండు. మీ లాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటే ఓబీఎస్ ఒకదానిమీద, తెర ఇంకోదానిమీద నడిచి నలుపు వస్తుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్‌కి వెళ్ళి ఓబీఎస్‌కి పవర్ సేవింగ్ పెడితే పోతుంది. ఓటీటీ సినిమా మీద మాత్రమే నల్లగా వస్తే అది చెడిపోవడం కాదు, కావాలని వేసిన తాళం. దాన్ని తప్పించే చిట్కాలు నెట్‌లో తిరుగుతుంటాయి, నేను చెప్పను. కాపీరైట్ ఉల్లంఘన కోసం అలాంటి తాళం తీస్తే 65ఎ సెక్షన్ కింద విడిగా నేరం, రెండేళ్ళ దాకా.

సరే, మీ పుష్కరాల వీడియోకి ఏం చెయ్యాలి? ఒక్కొక్కటీ చూద్దాం.

పాత ఆనకట్ట బొమ్మలు. ఇవి మీకు హాయి. కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది, ఆయన 1899లో చనిపోయారు. ఆ కాలం చెక్కుడు బొమ్మలు, మ్యాపులు, ఫొటోలు వేసినవాళ్ళు, తీసినవాళ్ళు పోయి 60 ఏళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. మన దగ్గర ఫొటోకి గడువు తీసిన మనిషి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. 2012కి ముందు ప్రచురణ నుంచి 60 ఏళ్ళే ఉండేది. వికీమీడియా కామన్స్‌లో వెతకండి, అక్కడ ప్రతి బొమ్మ కింద ఏ షరతు మీద వాడుకోవచ్చో రాసుంటుంది. స్క్రీన్‌షాట్ తియ్యక్కర్లేదు, పూర్తి సైజు ఫైలే ఇస్తారు. "సీసీ బై ఎస్ఏ" (క్రియేటివ్ కామన్స్ అనే, షరతులతో వాడుకోనిచ్చే లైసెన్సుల్లో ఒకటి) అని ఉంటే తీసినవాళ్ళ పేరు, లైసెన్సు పేరు వెయ్యాలి, మీరు మార్చిన బొమ్మనీ అదే లైసెన్సుతో ఇవ్వాలి.

డెల్టా ఆకాశం నుంచి కావాలంటే అమెరికా ప్రభుత్వ ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలున్నాయి, వాటికి కాపీరైట్ అడ్డు లేదు. ధవళేశ్వరం దగ్గర నది చీలడం, గౌతమి అటూ వశిష్ఠ ఇటూ, మధ్యలో వైనతేయ, ఆ పచ్చటి కోనసీమ త్రికోణం, అన్నీ చక్కగా వస్తాయి. దారుల మ్యాపు కావాలంటే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడి, కింద వాళ్ళ పేరు వెయ్యండి.

యూట్యూబ్‌లో కూడా సెర్చ్ ఫిల్టర్‌లో క్రియేటివ్ కామన్స్ అని ఉంటుంది. అది టిక్ పెట్టి వెతికితే వాడుకోవచ్చని తీసినవాళ్ళే అనుమతిచ్చిన వీడియోలు మాత్రమే వస్తాయి. కాకపోతే ఒక కన్నేసి ఉంచండి, వేరేవాళ్ళ వీడియో ఎత్తుకొచ్చి దానికి క్రియేటివ్ కామన్స్ ముద్ర వేసిన మహానుభావులు కూడా ఉన్నారు. ఆ ఛానల్‌లో మిగతా వీడియోలు చూస్తే తెలిసిపోతుంది.

భక్తి పాట వెనక పెడదామనుకుంటున్నారా? అన్నమయ్య కీర్తన సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు, ఆయన 1503లో పోయారు. కానీ దానికి కట్టిన కొత్త బాణీ మీద, పాడిన రికార్డింగ్ మీద కట్టినవాళ్ళకో కంపెనీకో హక్కుంటుంది. మీ వీధిలో సంగీతం నేర్పే అమ్మగారి చేత ఆవిడ సొంత బాణీలో పాడించుకోండి. ఆవిడా సంతోషిస్తారు.

వరదల వీడియోలు, 2015 క్లిప్పులు. ఇవి మనుషుల దగ్గరున్నాయి, కాబట్టి మనుషుల్ని అడగడమే. కుర్రాళ్ళకి ఎందుకో స్క్రీన్ రికార్డు చెయ్యడం తేలిక, ఒక మెసేజ్ పెట్టడం కష్టం. ఇలా రాయండి:

"నమస్కారమండి. మీ ఛానల్‌లో 2015 పుష్కరాల వీడియో చూశాను. అందులో 3:12 నుంచి 3:24 దాకా కొవ్వూరు గోష్పాద క్షేత్రం షాట్ నా వీడియోలో వాడుకోవాలని ఉంది. నా ఛానల్ లింకు ఇది. షాట్ నడిచేటప్పుడు తెర మీద మీ పేరు వేస్తాను. మీకు సమ్మతమైతే, వీలుంటే అసలు ఫైలు పంపగలరా? డబ్బు ఏమైనా అనుకుంటే చెప్పండి."

ఏ ముక్కో, ఎంతసేపో, ఎక్కడ వాడతారో చెప్పడం ముఖ్యం. ఊరికే "మీ వీడియో వాడుకోవచ్చా అన్నా" అంటే ఎవరూ జవాబివ్వరు. నాకు తెలిసి ఇలా అడిగితే పదిమందిలో ఆరేడుగురు ఒప్పుకుంటారు, ఒకళ్ళిద్దరు డబ్బడుగుతారు, మిగిలినవాళ్ళు పలకరు. పలకనివాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు. ఒప్పుకున్న మెసేజ్‌ని మటుకు స్క్రీన్‌షాట్ తీసి ప్రాజెక్టు ఫోల్డర్లోనే పెట్టండి. స్క్రీన్‌షాట్‌కి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

1986 వరద ఫొటో కోసం నేనూ ఒకసారి ఇలాగే తిరిగాను. నెట్‌లో ఒకటి తిరుగుతోంది, మసక మసకగా, ఎవరో గుండ్రటి ఛానల్ ముద్ర కూడా వేశారు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగితే నర్సాపురం దగ్గర ఒకాయన ఇంట్లో అసలు ప్రింటు ఉందని తెలిసింది. వాళ్ళ నాన్నగారు తీసింది. వెళ్తే బీరువాలోంచి పాత చీర ముక్కలో చుట్టిన ఆల్బమ్ తీశారు. ఓ మూల పురుగు తినేసింది, వెనక పెన్సిల్‌తో తేదీ. స్కాన్ చేస్తే నెట్‌లో కనబడని సంగతులు బయటపడ్డాయి. అరుగు మీద నిలబడ్డవాళ్ళలో ఒకావిడ చేతిలో కోడిపెట్ట, పక్కన నీళ్ళలో సగం మునిగిన ఎడ్లబండి చక్రం. నెట్ స్క్రీన్‌షాట్‌లో ఆ కోడి ఓ మచ్చ. ఆయన ఒక్క రూపాయి అడగలేదు, వాళ్ళ నాన్నగారి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా వెయ్యమన్నారు. మీ ఊళ్ళోనూ ఇలాంటి బీరువాలు ఉంటాయి.

ఇంకో హెచ్చరిక, ఇది కాపీరైట్‌ది కాదు. వరద క్లిప్పులు ఏ ఏడాదివో తేల్చుకోకుండా వాడకండి. ప్రతి జూలై, ఆగస్టుల్లో పాత వీడియోలు కొత్తవిగా తిరుగుతాయి. అలాగే ఘాట్లలో స్నానాలు చేసే ఆడవాళ్ళ దగ్గరి షాట్లు, 2015 మొదటిరోజు రాజమండ్రి తొక్కిసలాటలో ఏడుస్తున్నవాళ్ళ ముఖాలు, అనుమతి దొరికినా నేనైతే పెట్టను.

స్టూడియోవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకో మాట. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్ళి ఫొటోల మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్న పార్టీదే. 17వ సెక్షన్. "నేను తీశాను, నాదే" అని పెళ్ళికూతురి ఫొటో షోరూమ్ బోర్డుకి ఎక్కించకండి. పక్క స్టూడియోవాడు మీ పేజీలోంచి స్క్రీన్‌షాట్ తీసి శాంపిల్‌గా వాడుకుంటే ఫిర్యాదు చెయ్యడానికీ ఆ హక్కే కావాలి. మేము ఇప్పుడు ఆర్డర్ ఫారంలోనే ఓ వాక్యం పెట్టి సంతకం తీసుకుంటున్నాం.

సినిమాల్లో గోదారి షాట్లు పెట్టొచ్చా అని కూడా మీ ప్రశ్న చివర్లో ఉంది. సినిమాకి గడువు విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు. 1964, అంతకుముందు విడుదలైన సినిమా బొమ్మకి గడువు అయిపోయింది. కానీ అందులో పాట రాసినాయన, బాణీ కట్టినాయన పోయి 60 ఏళ్ళు కాకపోతే ఆ పాట ముక్కకి హక్కు ఇంకా ఉన్నట్టే. పైగా ఆ సినిమాని ఏదో ఒక కంపెనీ యూట్యూబ్‌లో పెట్టి ఉంటుంది, క్లెయిమ్ వస్తుంది, మీరు వాదించుకోవాలి. తలనొప్పి ఎందుకు, వదిలెయ్యండి.

కోనసీమ డ్రోన్ షాట్ కోసం ఎవరిదీ రికార్డు చెయ్యక్కర్లేదు. ఆ చించినాడ షాట్ అసలు ఫైలు నా దగ్గరుంది, 4కే. మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. డబ్బు వద్దు, కింద స్టూడియో పేరు వెయ్యండి. మంచు రోజున తీసింది కాబట్టి రంగు కాస్త పాలిపోయినట్టుంటుంది. గ్రేడింగ్‌లో మరీ పచ్చగా లాగకండి, కొబ్బరాకు ఆ పొద్దున అంత పచ్చగా లేదు.